ఆరు మిల్లీమీటర్లు

భీమవరంలో ఒక డిగ్రీ కాలేజీ. మైక్రోబయాలజీ ల్యాబులో బల్ల పక్కన మీరు నిలబడ్డారు. ఉక్కపోస్తోంది, అయినా బర్నర్ వెలిగిందంటే ఫ్యాను కట్టేయాల్సిందే. ఇంక్యుబేటర్ తలుపు తీయగానే గుప్పున కంపు. రెండో సంవత్సరం పిల్లలు ఎవరి ప్లేట్లు వాళ్లు వెతుక్కుంటున్నారు.

ఆ ప్లేట్లలో పెరిగింది ఈ.కొలై బ్యాక్టీరియా. చికెన్ షాపు వెనక మురుగుకాలువ నీళ్లలోంచి దాన్ని పట్టింది వీళ్లే. ఈఎంబీ అగర్ మీద ఆకుపచ్చ లోహపు మెరుపుతో దొరికిపోయింది. నిన్న దాన్ని ముల్లర్-హింటన్ అగర్ నిండా దూదిపుల్లతో రుద్ది, మందు పట్టించిన కాగితపు డిస్కులు పెట్టారు.

మీ పక్కనున్న అమ్మాయి మూత తీయకుండానే ప్లేటు బోర్లించి, నల్లగుడ్డ మీద స్కేలు ఆనిస్తోంది. జెంటామైసిన్ చుట్టూ గుండ్రటి ఖాళీ, 19 మిల్లీమీటర్లు. తర్వాత టెట్రాసైక్లిన్.

"ఆరండి మేడమ్."

"డిస్కు ఎంతమ్మా?"

"అదీ ఆరేనండి."

వంగి చూడండి. తెల్లటి పొర డిస్కు అంచుదాకా పాకేసింది. ఈ మందుకు ఖాళీ 11 మిల్లీమీటర్లకు మించకపోతే నిరోధకత కింద లెక్క. ఇక్కడ మందు పెట్టినా పెట్టనట్టే.

"చికెన్ షాపువాళ్ల పనే," అంటాడు వెనక బెంచీ కుర్రాడు.

"మన ఇళ్ల నీళ్లు ఎక్కడికి పోతున్నాయిరా? ఒక్క ప్లేటు చూసి నేరం మోపేస్తావా?"

కుర్రాడు నవ్వేశాడు. అలాగని కోళ్ల మేతలో మందు కలిపే సంగతిని మేడమ్ వదల్లేదు. టెట్రాసైక్లిన్లలో మొదటిది ఆరియోమైసిన్, 1948లో లెడర్లే సంస్థ బయటపెట్టింది. మట్టిలోని సూక్ష్మజీవి నుంచి దాన్ని రాబట్టింది బెంజమిన్ డగ్గర్. అక్కడి పరిశోధనకు పెద్ద యల్లాప్రగడ సుబ్బారావు, 1895లో ఈ భీమవరంలోనే పుట్టినాయన. గుసగుసలు ఆగాయి. మందు బయటికొచ్చిన 1948లోనే సుబ్బారావు పోయారు. ఆ మందు తీయగా మిగిలిన పిప్పి తిన్న కోడిపిల్లలు తొందరగా ఎదుగుతున్నాయని అదే లెడర్లేలో తేలింది. అక్కణ్నుంచి జబ్బులేని కోళ్లకూ మేతలో మందు అలవాటైంది. మందును తట్టుకునే బ్యాక్టీరియాకు మిగిలి పెరిగే అవకాశం రోజూ దొరికింది.

"మరి మన ఇంటి కాలువలో చూద్దామాండి?" అడిగింది స్కేలు పట్టుకున్న అమ్మాయి. సిలబసులో లేని ప్రశ్న.

ప్లేట్లన్నీ ఆటోక్లేవ్‌లోకి వెళ్లాయి. 121 డిగ్రీలు, 15 నిమిషాలు.

లెక్చరర్లకు ఒక మాట. నిరోధకతకు నిర్వచనం రాయించే గంటను ఈ ప్రాక్టికల్‌కు ఇవ్వండి. డిస్కులు పెద్ద ఖరీదేమీ కావు, కాలువలకు మన ఊళ్లలో కొదవ లేదు. శాంపిల్‌కు పంపేటప్పుడు మాత్రం పిల్లల చేతులకు గ్లవ్స్ ఉన్నాయో లేదో చూసుకోండి.