మదురై కంటివైద్యశాల

అమెరికాలో ఒక టెలిఫోను సంస్థయందు దాదాపు నలువది యేండ్లు పనిచేసి విరమించిన రాబర్ట్ గ్రీన్‌లీఫ్, సేవాభిలాష ముందు పుట్టి నాయకత్వము దాని వెంట రావలెనని 1970లో ఒక వ్యాసము వ్రాసెను. ఆ మాటకు నాకు దోచు నిదర్శనము మదురైలో 1976లో పదునొకండు పడకలతో వెలసిన అరవింద కంటివైద్యశాల.

దాని స్థాపకులగు గోవిందప్ప వేంకటస్వామిగారు 1918లో వడమలాపురమను పల్లెలో జన్మించి, మద్రాసులో వైద్యవిద్య ముగించి సైన్యవైద్యశాఖలో చేరిరి. ప్రసూతివైద్యుడు కావలెనని ఆయన కోరిక; కాని కీళ్ళవాతము ఆయనను మంచమున పడవైచి, వ్రేళ్ళను శాశ్వతముగా వంకరలు త్రిప్పినది. కలము పట్టుటయే దుర్ఘటమైన ఆ చేతులతోనే కంటివైద్యమభ్యసించి, తనకనువగు పరికరములు సమకూర్చుకొని, లక్షకు మించిన శస్త్రచికిత్సలు చేసిరి.

ఏబదియెనిమిదవ యేట ప్రభుత్వోద్యోగము విడిచి, ఇల్లు తాకట్టుపెట్టి, తోబుట్టువులను తోడు తెచ్చుకొని ఈ పనికి దిగిరి. ఒక బల్లపై చికిత్స ముగియులోపల ప్రక్కబల్లపై రెండవ రోగిని సిద్ధముచేయుట, అందుకై పల్లెపడుచులకు శిక్షణ నొసగుట, సొమ్ము చెల్లించువారి రాబడితో చెల్లింపలేనివారికి ఉచితముగా వైద్యము చేయుట అచ్చటి పద్ధతి. ఎవరే తరగతివారో రోగియే నిర్ణయించుకొనును. పేదరికమునకు ధ్రువపత్రము చూపుమని యడుగువాడు లేడు. విదేశపు కంటికటకములు ప్రియమైనందున 1992లో స్వయముగా తయారుచేయ మొదలిడి, అతి చౌకగా అందించిరి.

సేవాపరుడగు అధికారి మెత్తనివాడై యుండునని పలువురి తలంపు. నేటి మనస్తత్వశాస్త్రజ్ఞులు సౌమ్యతను, కర్తవ్యనిష్ఠను వేర్వేరు గుణములుగా లెక్కించుట ఇచ్చట పనికివచ్చును. ఏలయన వేంకటస్వామిగారిలో మొదటిదానికంటె రెండవదే మిక్కుటమని నా యభిప్రాయము. తొలినాళ్ళలో సొంత చెల్లెండ్రచేత, బావమరదులచేత స్వల్పవేతనమునకు రేయింబవళ్ళు చాకిరి చేయించిన మనిషి సులువైన యజమాని కాడు. ఆ యింటివారు పడిన శ్రమను మెచ్చుకోలు మాటలతో కప్పిపుచ్చుట న్యాయమును కాదు. అయినను వారు వీడిపోలేదు. పెండ్లి మాని, తన వైద్యశాలనుండి జీతము పుచ్చుకొనక, ప్రభుత్వ పింఛనుతోనే కాలము గడపినవాడు గనుక, ఒరులను అంత గట్టిగా అడుగుటకు ఆయనకు అధికారము కలిగినది. పట్టుదల స్వార్థమునకు లోబడినచో నిరంకుశత్వమగును. రోగికి లోబడినందున ఇచ్చట అది నాయకత్వమైనది.

ఆయన 2006 జూలైలో గతించిరి. పద్ధతి వ్యక్తితో పోలేదు. నేడు తిరుపతిలోను ఆ సంస్థ వైద్యశాల నడచుచున్నది.