గుచ్చేదాకా గొణుగుడే

1974లో నేను ఉద్యోగంలో చేరేనాటికి మా గోదావరి జిల్లా ఊళ్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజి అంటే ఒక పెంకుటింటి గది. రెండు బోర్డులు, నలుగురు ఆపరేటర్లు. అవతలివాళ్లు హ్యాండిల్ తిప్పగానే బోర్డు మీద చిన్న రేకు టప్పున పడేది. ఒక ప్లగ్గు ఆ జాక్‌లో పెట్టి ‘నంబర్ ప్లీజ్’ అనాలి, వాళ్లు చెప్పింది విని రెండో ప్లగ్గు ఆ నంబర్లో గుచ్చాలి. ట్రంకు కాల్‌కయితే టికెట్టు రాసేవాళ్లం. లోకల్‌కి కాగితమే లేదు. చెవి నుంచి చేతికి చేరేలోపు ఆ మూడంకెలు ఎక్కడ దాచుకోవాలి?

నోట్లోనే. ‘పెదాలు ఆపకే పిల్లా, గుచ్చేదాకా గొణుగుతూనే ఉండు’ అని మా సీనియర్ అక్క మొదటిరోజే చెప్పింది. బయటి నుంచి చూస్తే నలుగురం జపం చేస్తున్నట్టుండేది.

ఒక రాత్రి రైసుమిల్లు కావాలని ఎవరో ‘నూట ఎనిమిది’ అడిగారు. నేను గొణుగుతుండగానే పక్క బోర్డు నుంచి ‘మూడు నిమిషాలయ్యాయా?’ అన్న కేక. బదులిచ్చి, నూట తొమ్మిదిలో గుచ్చాను. నిద్రలోంచి లేచిన డాక్టరుగారు పెట్టిన చీవాట్లు నాకింకా గుర్తే. (ఇప్పుడు 108 అంటే అంబులెన్సు. అప్పుడది బియ్యం బస్తాల నంబరు.)

ఆ తప్పులో నా మతిమరుపు ఎంతో, మనిషి బుర్ర తీరు ఎంతో రిటైరయ్యాక మా అమ్మాయి సైకాలజీ పుస్తకాలు తిరగేస్తే తెలిసింది. పీటర్సన్ దంపతులు 1959లో మూడేసి హల్లులు చెప్పి, వెంటనే ఒక సంఖ్య నుంచి మూడేసి చొప్పున వెనక్కి లెక్కపెట్టమన్నారు. గొణుక్కునే వీలు లేకపోతే పద్దెనిమిది సెకన్లకల్లా దాదాపు అంతా ఎగిరిపోయింది. నాకయితే పక్క బోర్డు కేక ఒక్కటే చాలింది.

ఇక ఎనిమిది తొమ్మిదవడం. కేంబ్రిడ్జిలో కాన్రాడ్ అనే ఆయన 1964లో అక్షరాలను వినిపించకుండా చూపించాడు. అయినా జనం తప్పింది ఒకేలా వినిపించే అక్షరాల దగ్గరే, బి బదులు వి లాగా. కంటితో చూసినదాన్ని కూడా మనం మాటగా మార్చుకునే దాచుకుంటామన్నమాట. 1974లోనే బాడ్లీ, హిచ్ అనే పరిశోధకులు ఈ గొణుగుడుకి బుర్రలో ఓ చోటు కేటాయించారు. మరుసటేడు బాడ్లీ బృందం రెండు సెకన్లలో ఎంత పలకగలమో సుమారుగా అంతే నిలుస్తుందని తేల్చింది. మేమెందుకు ‘ఎనిమిది’ని ‘ఎయిట్’ చేసుకునేవాళ్లమో అప్పుడర్థమైంది. ఇంగ్లీషు మోజు కాదది, పొట్టి మాట అక్కర.

ఒక్కసారి వింటే నిలిచేవి ఏడు దాకానే అంటూ అందరూ చెప్పే మిల్లర్ ‘ఏడు’ 1956 నాటిది. అంతకు ముందే, 1887లో, జోసెఫ్ జేకబ్స్ లండన్ బడిపిల్లల చేత అంకెలు అప్పజెప్పించాడు. మూడు పందిపిల్లల కథను పుస్తకంలో చేర్చిన జేకబ్స్ కూడా ఆయనే! మిల్లర్ మాటల్లో నాకు నచ్చింది ఏడు కాదు, మూట. 5747 విడిగా నాలుగంకెలు. సిపాయిల తిరుగుబాటు, స్వాతంత్ర్యం అనుకుంటే రెండే. కోవన్ 2001లో అసలు పట్టు నాలుగు మూటలేనన్నాడు. నా అనుభవం కోవన్ వైపే.

ఎనభైల్లో మా ఊరికి ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి వచ్చింది. బోర్డులు తీసేశారు, నన్ను ఎంక్వయిరీకి వేశారు. నంబరడిగి పెట్టేసినవాళ్లే అరనిమిషంలో మళ్లీ చేసేవారు, ‘ఏమన్నారమ్మా?’ అంటూ. తప్పు వాళ్లది కాదు. డయల్‌లో సున్నా తిరిగిరావడానికే సెకను. ఎనిమిదంకెల నంబర్లను డయల్ తిప్పేవాళ్లు మీటలు నొక్కేవాళ్లకంటే ఎక్కువ తప్పుతారని, ముందొక సున్నా తగిలిస్తే ఇంకా చెడుతుందని కాన్రాడ్ 1958లోనే చూపించాడు. నేను రెండేసి అంకెలుగా, ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టాను. చాలామందికి పట్టుబడింది. రైసుమిల్లాయనకి మాత్రం పట్టుబడలేదు. ఫోనెత్తితే ఒకటే మాట: ‘ఆ తిప్పుడు నా వల్ల కాదమ్మా, ఎప్పట్లా నువ్వే గుచ్చెయ్.’