కదిలే బండి మీద కాపలా

1980 జూలై 18న, అప్పటి నెల్లూరు జిల్లాలోని శ్రీహరికోట నుంచి ఎస్ఎల్‌వీ-3 రాకెట్ 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. అంతకుముందు ఏడాది ఇదే రకం రాకెట్ సముద్రంలో కూలింది. రెండు ప్రయోగాలకూ సారథి అబ్దుల్ కలాం. 1982లో ఆయన హైదరాబాద్‌లోని క్షిపణుల ప్రయోగశాల డీఆర్‌డీఎల్‌కు డైరెక్టర్‌గా వచ్చారు. మరుసటి ఏడాది మొదలైన సమీకృత క్షిపణి కార్యక్రమంలోనే 'ఆకాశ్' క్షిపణి పురుడు పోసుకుంది.

శత్రు విమానాన్ని దూరం నుంచే పసిగట్టి కూల్చడం దాని పని. ఒకేచోట పాతిన రాడార్‌నైతే శత్రువు ముందు దాన్నే కొడతాడు. ముందుకు సాగే ట్యాంకుల దళానికి అది అక్కరకూ రాదు. అందుకే ఆకాశ్‌లో రాడార్, క్షిపణులు, ఆదేశ కేంద్రం అన్నీ బండ్లెక్కాయి. దీని 'రాజేంద్ర' రాడార్ కిరణాన్ని ఎలక్ట్రానిక్ పద్ధతిలో తిప్పుతూ ఒకేసారి 64 లక్ష్యాలను వెంటాడగలదు. 

1990లో తొలిసారి ఎగిరిన ఆకాశ్ సైన్యం చేతికి అందింది 2015లో. ఆలస్యమే, కాదనలేం. కానీ 1987 నుంచి క్షిపణి పరిజ్ఞానంపై అగ్రదేశాల ఆంక్షలున్నాయి. మనవాళ్లు చాలావరకు ఇక్కడే నేర్చుకోవాల్సి వచ్చింది. పాకిస్తాన్‌తో 2025 మే ఘర్షణల్లో ఆకాశ్ తన సత్తా చూపింది. ఈలోగా, కదులుతూనే వెతికి కాసేపు ఆగి పేల్చే క్యూఆర్‌శామ్ క్షిపణి వ్యవస్థ కూడా తయారైంది.

అయితే చవక డ్రోన్ల గుంపు మీదికి ఖరీదైన క్షిపణులు ఎన్నని వదులుతాం? రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవోకు చెందిన హైదరాబాద్‌లోని చెస్ కేంద్రం ఇందుకు లేజర్‌ను నమ్ముకుంది. 2025 ఏప్రిల్‌లో కర్నూలు దగ్గర, వాహనంపై అమర్చిన లేజర్ డ్రోన్లను కాల్చి కూల్చింది. కొన్ని సెకన్ల కాల్పుకు అయ్యే ఖర్చు రెండు లీటర్ల పెట్రోలు ధరంత అని డీఆర్‌డీవో చెప్పింది. వాన, పొగమంచు, దుమ్ము ఉంటే మాత్రం లేజర్ బలం తగ్గుతుంది. కాబట్టి క్షిపణి అవసరం తీరిపోలేదు.

ఇక ట్యాంకు తనను తాను కాచుకోవడం మరో సంగతి. మీదికొచ్చే రాకెట్‌ను ట్యాంకు తానే పసిగట్టి గాలిలోనే పేల్చేసే 'ట్రోఫీ' వ్యవస్థను ఇజ్రాయెల్ 2011లోనే పోరులో వాడింది. అలాంటి స్వదేశీ కవచం మన ట్యాంకు సిబ్బందికీ కావాలి. ఆకాశ్‌కు పట్టినట్టు పాతికేళ్లు దానికి పట్టకూడదు.