ఆవకాయ కత్తిపీట

ఆవకాయ కత్తిపీట పచ్చి మామిడికాయలను టెంకతో సహా ముక్కలుగా కోసేందుకు తెలుగువారు ఉపయోగించే పనిముట్టు. దీనిని మామిడికాయల కత్తి అని కూడా అంటారు. మామిడి తోటలకు పేరుపొందిన నూజివీడు పరిసరాలలో వేసవి వచ్చిందంటే దీని అవసరం ఎక్కువ. (నూజివీడు పూర్వం కృష్ణా జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనలో ఏలూరు జిల్లాలో చేరింది.) ఈ ప్రాంతపు చిన్న రసాలు, పెద్ద రసాలు పండుగా ప్రసిద్ధి చెందినా, టెంక ముదిరిన పుల్లని కాయకు ఊరగాయలో వేరే గౌరవం ఉంది.

ఆవకాయ ముక్కకు టెంక తప్పనిసరి. లోపలి జీడిని, దానిపై పొరను తీసివేసినా, టెంక ముక్కను అంటిపెట్టుకొని ఉండాలి. ఏడాదిపాటు ఉప్పు, కారం, నూనెలలో ఊరినా ముక్క మెత్తబడి చితికిపోకుండా నిలిపేది ఆ టెంకే. పదును లేని కత్తి టెంకను కోయదు, నలిపివేస్తుంది. అప్పుడు కండ ఒకవైపు, టెంక పెచ్చులు మరొకవైపు ఊడివస్తాయి. కనుక జాడీలో పచ్చడి మన్నిక కొంతవరకు కత్తిని చేసిన కమ్మరి చేతిలోనే ఉన్నదనవచ్చు.

నిర్మాణం

కూరగాయలు తరిగే మామూలు కత్తిపీటలో వంపు తిరిగిన అలుగు చెక్కపీటపై కదలకుండా నిలబడి ఉంటుంది. కాయను రెండు చేతులతో అలుగు మీదికి నెడతారు. బెంగాలీల బొంటి, తమిళుల అరువామణై ఇటువంటివే. ఆవకాయ కత్తిపీటలో ఇందుకు భిన్నంగా అలుగే కదులుతుంది. దాని ఒక కొన మందమైన చెక్కకు చీలతో బిగించి ఉంటుంది, రెండవ కొనకు పొడవాటి పిడి ఉంటుంది. కాయను నడుమ ఉంచి పిడిని కిందికి నొక్కితే తులాదండ సూత్రం ప్రకారం చేతి బలం పెరిగి టెంకపై పడుతుంది. కాయ చీలకు ఎంత దగ్గరగా ఉంటే అంత సులువుగా తెగుతుంది. అలుగు వీపు దళసరిగా ఉండి అంచు వైపు పలుచబడుతూ రావడం వల్ల అది మేకులా టెంకను చీల్చుకొని పోతుంది.

తయారీ

కొలిమి, తిత్తి, దాగలి, సమ్మెట, పట్టకారు, ఆకురాయి కమ్మరి ముఖ్య సాధనాలు. పాత పద్ధతిలో మెత్తని ఇనుముతో అలుగు చేసి, అంచుకు మాత్రం ఉక్కు అతికేవారు. దీనినే ఉక్కు వేయడం అంటారు. ఇనుము దెబ్బకు ఓర్చుకుంటుంది, ఉక్కు పదును నిలుపుతుంది. తరువాతి కాలంలో పాత లారీల కమాను పట్టీలు కూడా ముడిసరుకుగా వాడుకలోకి వచ్చాయి.

అన్నిటికంటె కష్టమైనది పదను పెట్టడం. ఎర్రగా కాల్చిన అంచును నీటిలో గాని నూనెలో గాని ముంచి చల్లార్చితే గట్టిపడుతుంది. మరీ గట్టిపడితే టెంకకు తగిలి పెచ్చు ఊడుతుంది, తక్కువైతే అంచు మడతపడుతుంది. కమ్మరి దీనిని కాలిన లోహపు రంగును చూసి నిర్ణయిస్తాడు, కొలతలతో కాదు. ఈ విద్యకు తెలుగునాట పాత చరిత్రే ఉంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసలలో కరగించి తీసిన ఉక్కు పర్షియా వర్తకుల వరకు చేరింది. ఐరోపావారు వాడిన ఊట్జ్ అనే మాట ఉక్కు అనే దక్షిణాది మాట నుండే పుట్టిందని భావిస్తారు.

వాడకం, సంరక్షణ

కమ్మరి ఉక్కు కత్తి తుప్పు పడుతుంది. మామిడి పులుపు తగిలితే నల్లబడుతుంది. క్రోమియం కలిసిన స్టెయిన్‌లెస్ స్టీలుకు ఈ బాధ తక్కువ. అయితే నల్లబడటం చెడిపోవడం కాదు. పని కాగానే కడిగి, పొడిగుడ్డతో తుడిచి, నూనె రాసి ఉంచితే చాలు. కోసే ముందు కత్తిపై తడి లేకుండా చూడాలి, తడి తగిలిన ఆవకాయ బూజు పడుతుంది. ఇటువంటి కత్తి అరిగితే పారవేయనక్కరలేదు. అంచును మళ్ళీ సాన పట్టించవచ్చు, ఉక్కు వేయించవచ్చు, పిడి మార్పించవచ్చు. ఒకే అలుగు తరాలు మారినా నిలవడానికి కారణమిదే. కాని ఆ పని చేసే కొలిమి ఊరిలో లేకపోతే కత్తికున్న ఈ గుణం నిరుపయోగమే.

సేకరణ

కాయలను బజారులోనే కోయించుకోవడం, పచ్చడి కొనుక్కోవడం పెరగడంతో ఇళ్ళలోని పాత కత్తిపీటలు పాత ఇనుము కింద తూకానికి పోతున్నాయి. రాజుల కత్తులకు మ్యూజియంలలో చోటు దొరికినంతగా వంటింటి కత్తులకు దొరకలేదు. పూణేలోని రాజా దినకర్ కేల్కర్ మ్యూజియం వంటి కొన్నిచోట్ల మాత్రమే వంటింటి సామాను శ్రద్ధగా భద్రపరిచారు. సేకరించేవారు అలుగును మెరిసేలా రుద్దితే సమ్మెట గుర్తులు, వాడుకలో అరిగిన వంపు చెరిగిపోతాయి. ఏ ఊరి కొలిమిలో చేసినది, ఏ పనికి వాడినది అనే వివరం రాసి ఉంచకపోతే వస్తువు విలువ సగం పోయినట్లే.

కేవలం ఇంటి అవసరాలకు, వ్యవసాయానికి రూపొందించిన పనిముట్లు 1959 నాటి ఆయుధాల చట్టం నిర్వచనంలోకి రావు. కమ్మరిపని 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో ఒకటి. ఈ పథకం కింద శిక్షణతోపాటు పనిముట్ల కొనుగోలుకు 15,000 రూపాయల వరకు సహాయం లభిస్తుంది.