తువ్వాలు కింద ధర

షట్టర్ సగమే ఎత్తి ఉంది. వంగి లోపలికి దూరగానే ముక్కుకు తగిలేది నూనె వాసన. ఆబిడ్స్ హారన్ల మోత వెనకే ఆగిపోతుంది. ఎదురుగా అద్దాల బల్ల, దాని వెనక ఇనుప గ్రిల్లు, గ్రిల్లు అవతల గోడ పొడుగునా నిలబెట్టిన తుపాకులు. ఒక్కోదాని మెడలో దారంతో కట్టిన అట్టముక్క. దాని మీద ఒక పేరు, ఒక తేదీ, ఒక నంబరు.

"కూర్చోండి సాబ్," అంటాడు షాపు పెద్దాయన, కళ్లద్దాల మీంచి చూస్తూ. ముందు కాగితాలకు చెయ్యి చాపుతాడు, తుపాకికి కాదు. కలెక్టరాఫీసు అనుమతి, ఠాణా రసీదు, నాయిన మరణ ధ్రువపత్రం. మూడింటినీ దీపం కింద పెట్టి, వేలితో ఒక్కో వరుసా తడుముతూ చదువుతాడు. చిన్నాయిన నా పక్కన కుర్చీ అంచున కూర్చున్నాడు. భుజం మీద తువ్వాలు. ఆయన ముప్పయ్యేళ్లు పశువుల సంతల్లో తిరిగిన మనిషి. సరుకును కాదు, కొనేవాడి ముఖాన్ని చూస్తాడు.

నాయిన పోయి ఏడు నెలలు. అచ్చంపేట దాటాక, నల్లమల అంచున మా చేను. శనగకాయ ఊరే రోజుల్లో అడవిపందులు మందగా దిగేవి. పంట కాపలాకని నాయిన 1981లో లైసెన్సు తీసుకుని, కోడెల జత కొనాల్సిన పైసలు పెట్టి ఈ తుపాకి కొన్నాడు. అమ్మ ఆ సంవత్సరమంతా ఆయనతో సరిగా మాట్లాడలేదట. ఇప్పుడు లైసెన్సు ఆయనతోనే పోయింది. తుపాకి ఇంట్లో ఉంచుకోవడానికి లేదు. ఠాణాలో పెట్టి పట్టించుకోకపోతే గడువు దాటాక సర్కారుదైపోతుంది. వారసుడిగా నేనూ లైసెన్సుకు అర్జీ పెట్టుకోవచ్చు. కానీ నేనుండేది కూకట్‌పల్లిలో. అక్కడ పందుల బాధ వేరే రకం.

గోనెగుడ్డ తొడుగు విప్పుతాడు. డీబీబీఎల్ అంటారు దీన్ని: రెండు గొట్టాలు, వెనక నుంచి తూటా వేసేది, పన్నెండు బోరు. చెక్క ముక్క ఊడదీసి, గొట్టాలను విడదీసి, కిటికీ వైపు ఎత్తి ఒంటికన్నుతో చూస్తాడు. నన్నూ చూడమంటాడు. చూస్తాను. వెండి సొరంగంలా మెరవాల్సిన లోపలిగోడ మీద మశూచి మచ్చల్లాంటి గుంటలు.

"ఎలక్షన్ తుప్పు," అంటాడు.

నాకు అర్థం కాలేదు. చిన్నాయినకు అయింది. నోటిఫికేషన్ వచ్చినప్పుడల్లా తుపాకి ఠాణాలో అప్పజెప్పాలి. పంచాయతీ ఎన్నికలు, అసెంబ్లీ, పార్లమెంటు. అక్కడ గదిలో మూల నిలబెడతారు, నూనె రాసేవాడుండడు. వానాకాలం దాటి తిరిగొచ్చేసరికి గొట్టం లోపల ఎర్రపొడి. నాయిన ప్రతిసారీ గుడ్డపేలిక కట్టిన కడ్డీతో రుద్దేవాడు, తిట్టుకుంటూ. ఆ తిట్లు నాకింకా నోటికొచ్చు.

పెద్దాయన గొట్టాలను కొక్కెం దగ్గర రెండు వేళ్లతో వేలాడదీసి, గోటితో చిన్నగా కొడతాడు. గుడిగంట దూరం నుంచి వినపడ్డట్టు ఒక సన్నని మోగు. "జోడు గట్టిగుంది. అతుకు వదిలితే డబ్బా చప్పుడొస్తది." మళ్లీ బిగించి, పక్కలకు ఊపి చూస్తాడు. కీలు దగ్గర వెంట్రుకంత కదలిక. కర్ర మెడ దగ్గర సన్నటి చీలిక, ఎప్పుడో లక్కతో పూడ్చింది. అన్నీ పైకి చెబుతాడు, ఒక్కోటి చెప్పినప్పుడల్లా ధర ఒక్కో మెట్టు దిగుతున్న చప్పుడు నాకు వినబడుతూనే ఉంది.

"ఆరు వేలు."

"గింతేనా సేటూ? గొర్రెపొట్టేలు గూడ రాదు," అన్నాడు చిన్నాయిన.

పెద్దాయన నొచ్చుకోలేదు. లేచి గ్రిల్లు తలుపు తీసి, గోడ వరుస చూపించాడు. "చూడు పెద్దమనిషీ. ఇవన్నీ డీబీబీఎల్‌లే. 2019లో చట్టం మారింది. ఒక్కరికి మూడుండేవి, రెండే ఉంచుకోమన్నరు. ఏడాది గడువు. మూడున్నోడు దేన్ని వదుల్తడు? రివాల్వర్ వదుల్తడా? జోడుబారునే తెచ్చి ఈడ నిలబెట్టిండు." కొనేవాళ్లెవరని అడిగాను. బ్యాంకు గార్డు ఉద్యోగానికి పోయే మాజీ సైనికులు, ఒకరిద్దరు రైతులు. కొత్తగా లైసెన్సు దొరికినవాడు నడుముకు పెట్టుకునేదే అడుగుతాడు, భుజానికి వేసుకునేది కాదు. "నేను ఆరుకు కొంట. పదికి చెప్త. ఎప్పుడు పోతదో ఖుదాకు తెలుసు. అందాక నూనె రాసేది నేనే, రిజిస్టర్ రాసేది నేనే, పోలీసోళ్లొస్తే లెక్క చెప్పేది నేనే."

అబద్ధం చెప్పడం లేదనే అనిపించింది. ఇనుముకూ కర్రకూ కాదు ఇక్కడ ధర. దాన్ని కొనడానికి అనుమతి ఉన్న చేతులెన్ని అన్నదానికి.

అప్పుడే షట్టర్ కింది నుంచి ఒక పెద్దావిడ వంగి వచ్చింది, వెనక అల్లుడు. ఆవిడ చేతి సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది ఒక తోలు ఒర. నల్లబడి, అంచుల్లో దారాలు లేచింది. పెద్దాయన ఈసారీ కాగితాలే ముందు చదివాడు. తరవాత ఒరలోంచి రివాల్వర్ తీసి, దాని నడుం విరిచి తెరిచాడు. ఆరు గదులు. పక్కన చెక్కిన అక్షరాలను బొటనవేలితో తుడిచాడు. వెబ్లీ అండ్ స్కాట్. బర్మింగ్‌హామ్. పాయింట్ 32.

ఏమీ అనలేదు.

నా తుపాకికి ఇరవై నిమిషాలు తప్పులు చెప్పిన మనిషి, దీన్ని తిప్పి తిప్పి చూసి, కళ్లద్దాలు తుడుచుకుని, కుర్రాణ్ని పిలిచి ఆవిడకు చాయ్ తెమ్మన్నాడు. మాకు తెప్పించలేదని నేను గమనించాను. చిన్నాయిన మోచేత్తో నన్ను పొడిచాడు. సంతలో పాలపళ్ల కోడెను చూసిన దళారీ కూడా ఇలాగే మౌనంగా ఉంటాడని తర్వాత బస్సులో చెప్పాడు.

ఆ మౌనానికి కారణం ఉంది. 1980ల నడుమ నుంచీ, పేరున్న షూటర్లకు తప్ప, మామూలు లైసెన్సుదారులకు విదేశీ తుపాకి దిగుమతి లేదు. అంటే అంతకు ముందు దేశంలోకి వచ్చినవే చేతులు మారుతున్నాయి. ఒకటి పాడైతే ఒకటి తగ్గుతుంది, కొత్తది రాదు. కాన్పూర్ ఫ్యాక్టరీ 2014లో ఆడవాళ్ల కోసమని నిర్భీక్ అనే చిన్న రివాల్వర్ తెచ్చినప్పుడే దాని ధర 1,22,360 రూపాయలు. 2020లో ఉత్తరప్రదేశ్‌లోని సండీలాలో వెబ్లీ పేరుతోనే తయారీ మొదలైంది. అయినా పాత బర్మింగ్‌హామ్ ముద్ర కోసం లక్షలు లెక్కపెట్టేవాళ్లున్నారు.

"లక్షా ఇరవై ఇస్తానమ్మా," అన్నాడు పెద్దాయన, మెల్లగా.

ఆవిడ ముఖంలో వెలుగు. అల్లుడు అప్పుడే కలం తీశాడు. ఇందాకటి నుంచి ఆ మనిషి మీద నాకు కలిగిన నమ్మకం బల్ల కిందికి జారిపోయింది. నా తుపాకికి చెప్పిన లెక్కలన్నీ నిజాలే కావచ్చు. ఆవిడకు చెప్పాల్సిన లెక్క మాత్రం చెప్పలేదు. చెప్పాలని చట్టమేమీ లేదు. మన వస్తువు విలువ మనమే తెలుసుకుని రావాలి అనొచ్చు. కానీ తెలుసుకోవడానికి ఆవిడ దాన్ని సంచిలో వేసుకుని నాలుగు దుకాణాలు తిరగగలదా? బంగారం గొలుసు కాదు కదా.

చిన్నాయిన గొంతు సవరించుకున్నాడు. "అక్కా, జర ఆగు. ఇయ్యాలే అమ్ముడెందుకు? ఈడ డిపాజిట్ పెట్టు. రసీదు తీస్కో. నెలకింత కిరాయి తీస్కుంటడు, తీస్కోనీ. సామాను నీదే ఉంటది. ఇంకో ఇద్దర్ని అడిగినంక చూస్కో."

ఆ మాట ఆయన నేర్చింది ఠాణాలో రైటర్ దగ్గర, మా తుపాకి కోసం తిరిగినప్పుడు. లైసెన్సున్న డీలరు దగ్గర పెడితే చట్టానికి సరిపోతుంది. పెట్టినంత మాత్రాన అమ్మినట్టు కాదు, అమ్ముకునే హక్కు వారసులదే.

కాసేపు ఫ్యాను చప్పుడే. పెద్దాయన చిన్నాయిన వైపు చూసిన చూపులో కోపం కంటే లెక్క ఎక్కువుంది. తర్వాత డిపాజిట్ రిజిస్టర్ ముందుకు లాక్కుని, "మీ ఇష్టం అమ్మా," అంటూ నంబరు రాయడం మొదలుపెట్టాడు. రాస్తూనే, తల ఎత్తకుండా, "రెండు దాకా చూస్తా, మీరు ఆలోచించుకోండి," అన్నాడు.

వాళ్లు వెళ్లాక మా వంతు. ఇక మాకు ఆరు కూడా రాదనుకున్నాను. చిన్నాయిన కుర్చీ ముందుకు జరిపి, భుజం మీది తువ్వాలు తీసి తన కుడిచేతి మీద కప్పి, బల్ల మీద పెట్టాడు. పెద్దాయన ఒక క్షణం అయోమయంగా చూశాడు. తర్వాత నవ్వాడు. ఆయన తాతదీ పశువుల వ్యాపారమేనట, సదాశివపేట సంతలో. తన చెయ్యి తువ్వాలు కిందికి పోనిచ్చాడు.

ఇద్దరూ నోరు మెదపరు. గుడ్డ కింద వేళ్లు కదులుతుంటాయి. ఒకసారి పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. చిన్నాయిన కళ్లు మూసుకున్నాడు. మళ్లీ కదలిక. నా నాయిన తుపాకి ధర నా కళ్లముందే తేలుతోంది, నాకు కనబడకుండా.

చేతులు బయటికొచ్చాయి. పెద్దాయన కాగితం మీద రాశాడు: 8,500. వెయ్యి అడ్వాన్సు. కొనేవాడి పేరూ చిరునామాతో ఠాణాకు రాతపూర్వకంగా తెలిపి, 45 రోజులు గడిచాకే అమ్మకం పూర్తి. మిగతా డబ్బు అప్పుడే. అందాక అది కూడా అట్టముక్క కట్టుకుని గోడ వరుసలో నిలబడాలి.

సంతకం పెట్టి లేచాను. చిన్నాయిన లేవలేదు. తుపాకి దగ్గరికి లాక్కుని, చెమటకు నల్లబడిన తోలుపట్టా కొక్కేలు విప్పసాగాడు.

"పట్టాతోనే కదా బేరం?" అన్నాడు పెద్దాయన.

"ఎద్దునమ్మితే పలుపు ఇస్తమా సేటూ," అని చిన్నాయిన దాన్ని చుట్టచుట్టి తువ్వాల్లో మూటగట్టుకున్నాడు.

పెద్దాయన మాట్లాడకుండా దారం తెంపి, అట్టముక్క మీద నాయిన పేరు రాయడం మొదలుపెట్టాడు. అక్షరాలడిగితే చెప్పాను.