ఢిల్లీ ఎండల్లో ఇంటికి నీడనిచ్చే చెట్లు: ఎంపికలో గమనించవలసినవి

న్యూఢిల్లీ: దేశ రాజధాని ప్రాంతానిది పాక్షిక శుష్క వాతావరణం. మే, జూన్ నెలల్లో పగటి ఉష్ణోగ్రత తరచూ 45 డిగ్రీల దరిదాపులకు చేరుతుంది. పడమటి నుంచి ‘లూ’గా పిలిచే వడగాలులు వీస్తాయి. ఏడాది వర్షపాతంలో అధికభాగం జులై-సెప్టెంబరు మధ్యనే కురుస్తుంది. మిగిలిన నెలలను తట్టుకోగల చెట్టే ఇక్కడి ఇళ్లకు నీడనివ్వగలదు.

ఎంపికలో పొరపాటు జరిగితే దిద్దుకోవడం కష్టం. ఢిల్లీ వృక్ష సంరక్షణ చట్టం-1994 ప్రకారం, నేల నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తున కాండం వ్యాసం 5 సెంటీమీటర్లకు, మొత్తం ఎత్తు మీటరుకు తగ్గని మొక్క చెట్టు కిందే లెక్క. సొంత స్థలంలో ఉన్నా అనుమతి లేకుండా దానిని నరకరాదు.

ఏ దిక్కున ఏ చెట్టు?

ఢిల్లీలో జూన్ నెలాఖరు మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన, 85 డిగ్రీల ఎత్తున ఉంటాడు. అప్పుడు ఇంటిని కాల్చేది సాయంత్రపు పడమటి ఎండ. అందువల్ల పడమటి వైపు వేసవిలో దట్టంగా ఉండే వేప, కానుగ అనుకూలం. వేప మార్చిలో ఆకు రాల్చినా, ఎండలు ముదిరేలోగా చిగురిస్తుంది.

డిసెంబరులో మధ్యాహ్న సూర్యుడు దక్షిణాన 38 డిగ్రీల ఎత్తుకే పరిమితం. చలికాలంలో ఆ వెచ్చదనం అవసరం కనుక, దక్షిణం వైపు శీతకాలంలో ఆకు రాల్చే దిరిసెన గానీ, ఉత్తరాదిన బకాయన్‌గా పిలిచే తురకవేప గానీ మేలు. తురకవేప కాయలు విషపూరితం కావడంతో పిల్లలున్న ఇళ్లలో జాగ్రత్త అవసరం.

నగర వీధుల అనుభవం

1911లో రాజధాని మార్పు ప్రకటన తర్వాత నిర్మించిన కొత్త ఢిల్లీలో రహదారుల వెంట వేప, నేరేడు, తెల్లమద్ది, చింత నాటారు. నేటి కర్తవ్యపథ్ పొడవునా ఉన్నవి నేరేడు వరుసలే. విశాలమైన ఆవరణకు ఇవి తగినవే అయినా, నేరేడు పండ్లు రాలి నేలను మరకలు చేస్తాయి.

రావి, మర్రి వేళ్లు గోడలను చీల్చగలవు. గుల్‌మొహర్ కొమ్మలు గాలివానకు తేలికగా విరుగుతాయి. ఏడాకులపాల పూల ఘాటు వాసన అక్టోబరులో కొందరికి ఇబ్బంది కలిగిస్తుంది. బ్రిటిష్ హయాంలో వచ్చి రిడ్జ్ అడవిని ఆక్రమించిన సర్కారు తుమ్మను ఇంటి దగ్గరకు రానివ్వకపోవడమే మంచిది.

నాటిన తర్వాత

రుతుపవనాలు సాధారణంగా జూన్ 27 నాటికి ఢిల్లీని తాకుతాయి. జులై, ఆగస్టుల్లో నాటిన మొక్కకు తొలి వేసవికి ముందే వేరూనే వ్యవధి దొరుకుతుంది. కరవును తట్టుకునే జాతికైనా మొదటి రెండు మూడు వేసవులు నీరు పోయాలి. మొదలు చుట్టూ సిమెంటు వేయరాదు. నగరంలోని చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తొలగించాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2013లోనే ఆదేశించింది. ఇంటి ఆవరణలోని చెట్టుకూ ఆ మీటరు నేల అవసరమే.