చంపినవాడు తెలిసిన కథ

దోహా నగరంలోని ఉమ్ ఘువైలినా దక్షిణాసియా వలసదారులు ఒత్తుగా నివసించే పేట. హైదరాబాదుకూ ఆ పేటకూ గడియారంలో తేడా రెండున్నర గంటలు. మామూలు రోజుల్లో ఆ తేడా ఇంటికి ఎప్పుడు ఫోను చేయాలో చూసుకోవడానికి తప్ప ఎవరికీ గుర్తు రాదు. 2017 ఏప్రిల్ 27 రాత్రి సంగతి వేరు. ‘బాహుబలి’ రెండవ భాగం మరునాడు విడుదల కావలసి ఉండగా, తెలుగునాట ముందస్తు ఆటలు ఆ రాత్రే పడ్డాయి. ఇంకా తెరముందు కూర్చోని అన్న గల్ఫ్‌లో ఉంటే, సినిమా చూసి బయటికొచ్చిన తమ్ముడి ఫోను ఎత్తాలా వద్దా అన్నది చిన్న సమస్య కాదు. మొదటి భాగం 2015 జూలై 10న విడుదలైంది. అప్పటినుంచి దాదాపు 22 నెలలుగా కోట్లాది మంది నోళ్లలో నానిన ప్రశ్నకు జవాబు ఒక్క మాటలో తెలిసిపోతుంది. ఆ మాట వినడానికి కాదు, వినకుండా ఉండడానికే జనం జాగ్రత్తపడ్డారు.

‘బాహుబలి’ రాజుల కథ. టెలివిజన్ నేరకథ కాదు. కానీ కథను హత్య దగ్గర ఆపి ప్రేక్షకుణ్ణి ఊహించుకోమని వదిలేసే పద్ధతి దానికి నేరకథల నుంచే వచ్చింది. ఆ పద్ధతి చరిత్ర తెలిస్తే కట్టప్ప ప్రశ్నలో ఉన్న విశేషం కూడా తెలుస్తుంది.

ఊహకు పునాది ఎడం. కథ ఏకబిగిన చేతికందితే పాఠకుడు పేజీ తిప్పుతాడు, ఆగితే ఆలోచిస్తాడు. చార్లెస్ డికెన్స్ చివరి నవల ‘ది మిస్టరీ ఆఫ్ ఎడ్విన్ డ్రూడ్’ 1870 ఏప్రిల్ నుంచి నెలకొక భాగంగా వెలువడింది. 12 భాగాలు రావలసింది. సగం పూర్తయ్యేసరికి, జూన్ 9న, రచయిత కన్నుమూశాడు. ఎడ్విన్ డ్రూడ్ చనిపోయాడో లేదో కూడా తేలలేదు. ఆ ఎడం ఇక ఎప్పటికీ పూడేది కాదు కనుక ఊహలకూ అంతం లేకపోయింది. 1914 జనవరిలో లండన్‌లో సాహిత్యాభిమానులు నిందితుడు జాన్ జాస్పర్‌పై ఉత్తుత్తి విచారణ జరిపారు. జి.కె. చెస్టర్టన్ న్యాయమూర్తి, బెర్నార్డ్ షా జ్యూరీ పెద్ద. చివరకు చెస్టర్టన్ కోర్టు ధిక్కారం కింద తనకు తప్ప అందరికీ జరిమానా వేశాడు. ఆటే అయినా, 44 ఏళ్ల తర్వాత కూడా ఒక కల్పిత హత్యకు తీర్పు కావాలని మనుషులు కోరుకున్నారు.

ఆ ఎడాన్ని తెలిసి తెలిసి సరుకుగా మార్చింది అమెరికన్ టెలివిజన్. ‘డల్లాస్’ ధారావాహికలో చమురు వ్యాపారి జె.ఆర్. యూయింగ్‌ను గుర్తు తెలియని వ్యక్తి తుపాకితో కాల్చే భాగం 1980 మార్చి 21న ప్రసారమైంది. కాల్చినది ఎవరో నవంబరు 21న గాని చెప్పలేదు. ఎనిమిది నెలల ఈ జాప్యంలో కొంత పథకం, కొంత నటీనటుల సమ్మె పుణ్యం. జె.ఆర్. పాత్రధారి ల్యారీ హాగ్మన్ ఆ నిరీక్షణను ఆయుధంగా చేసుకుని తన పారితోషికం పెంచుకునే బేరసారాలు నడిపాడు. పందెం దుకాణాలు అనుమానితుల మీద పందేలు కట్టించుకున్నాయి. అధ్యక్ష ఎన్నికల సంవత్సరం కావడంతో, కాల్చింది డెమొక్రాటేనన్న బిళ్లలను రిపబ్లికన్లు పంచారు. రహస్యం పొక్కకుండా నిర్మాతలు పలువురు నటుల చేత కాల్పుల దృశ్యాన్ని విడివిడిగా నటింపజేశారు. జవాబు చెప్పిన రాత్రి అమెరికాలో సుమారు 8 కోట్ల 30 లక్షల మంది చూశారు. కాల్చింది జె.ఆర్. మరదలు క్రిస్టిన్.

ఆ జవాబు అంతటితో సరి. ఎవరు అన్న ప్రశ్నకు ఆయుష్షు జవాబు దొరికేదాకానే. ఆరేళ్ల తర్వాత ఇదే ‘డల్లాస్’ అంతకంటే పెద్ద తప్పు చేసింది. చనిపోయిన బాబీ పాత్రను 1986 మే నెలలో స్నానాల గదిలో బతికి కనిపింపజేసి, అదెలా సాధ్యమని వేసవి అంతా జనాన్ని ఊహించనిచ్చి, సెప్టెంబరులో గడిచిన ఏడాది కథంతా భార్య పామ్ కన్న కల అని తేల్చింది. ఊహించేవాడు కథలోని ఆనవాళ్లను నమ్మి శ్రమపడతాడు. ఆ ఆనవాళ్లన్నీ కల అయితే శ్రమ మోసపోయినట్టే. ఓడిపోవడానికి అభిమాని సిద్ధంగానే ఉంటాడు. ఆట నియమాలు మార్చితేనే ఓర్చుకోలేడు.

1990లో డేవిడ్ లించ్, మార్క్ ఫ్రాస్ట్‌ల ‘ట్విన్ పీక్స్’ మరో చిక్కు తెచ్చింది. లారా పామర్‌ను ఎవరు చంపారన్న జవాబు చెప్పడం లించ్‌కు ఇష్టం లేదు. టెలివిజన్ సంస్థ ఒత్తిడితో నవంబరు 10న హంతకుణ్ణి చూపించారు. ఆ తర్వాత ధారావాహిక నీరుగారి మరుసటి ఏడాదే ఆగిపోయింది. ప్రశ్న ఉన్నంతకాలమే కథ అన్న లించ్ భయం వమ్ము కాలేదు.

తెలుగులో ఈ వ్యవహారం పుస్తకాలతో మొదలైంది. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ నవలలు అద్దె పుస్తకాల దుకాణాల్లో చేతులు మారాయి. అయితే అవి ఒక్క బైఠకులో ముగిసే కథలు. ఊహకు దొరికేది చివరి పేజీ దాకానే, అదీ ఆ పేజీ చిరిగిపోకుండా ఉంటేనే. వారం రోజుల ఎడం ఇచ్చినవి వారపత్రికల ధారావాహికలు. 1980 ప్రాంతంలో ‘ఆంధ్రభూమి’ వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ చదివినవాళ్లు పసిపిల్ల తులసి బాధకు కారణం చేతబడా, ఒంట్లోని జబ్బా అని వారం వారం తర్కించుకున్నారు. తరువాత ఈటీవీలో అచ్యుత్, యమున నటించిన ‘అన్వేషిత’ వంటి ఉత్కంఠ ధారావాహికలు ఆ చర్చను ఇంటింటి ముందుగదిలోకి తెచ్చాయి. గల్ఫ్‌లో ఉన్నవారికి ఆ ఎడం మరింత పెద్దది. ఊరినుంచి వచ్చే మనిషి సంచిలో పత్రికో వీడియో క్యాసెట్టో దొరికే కాలంలో, కథలో ఒక మలుపుకూ మరో మలుపుకూ మధ్య ఏమి జరిగిందో ఊహించుకోవడం తప్పనిసరి.

‘తులసిదళం’ ప్రశ్నలో గమనించవలసింది ఒకటుంది. అది ఎవరు అని అడగదు; ఎందుకు అని అడుగుతుంది. కట్టప్ప ప్రశ్న కూడా అంతే. మొదటి భాగం చివర కట్టప్ప స్వయంగా తానే చంపానని ఒప్పుకుంటాడు. ‘డల్లాస్’ ఎనిమిది నెలలు దాచిన విషయాన్ని రాజమౌళి, కథారచయిత విజయేంద్రప్రసాద్ ముందే చేతిలో పెట్టేశారు. మిగిలింది కారణం. ఈ అలవాటు తెలుగు శ్రోతకు కొత్తది కాదు. కర్ణుడు అర్జునుడి చేతిలో చనిపోయాడని పురాణం వినేవాళ్లందరికీ తెలుసు. అయినా కర్ణుడి చావుకు కారణాలనేకం అన్న సామెత పుట్టింది. బాణం వేసినవాడు తేలిపోయాక కూడా శాపాలు, వరాలు, మాట తీసుకున్న తల్లి, రథం నడిపినవాడు అంటూ రచ్చబండ మీద విచారణ సాగుతూనే ఉంది. ముగింపు తెలిసిన కథలను రాత్రంతా మేలుకుని విన్న జనానికి హంతకుడి పేరు మాత్రమే దాచిపెట్టే కథ కాస్త పలచనగా తోచడం సహజం.

ఆ 22 నెలల్లో వచ్చిన ఊహలు రకరకాలు: బాహుబలి చనిపోలేదని, అది నాటకమని, కట్టప్ప సింహాసనానికి కట్టుబడి ఆజ్ఞ పాటించాడని. మూడోది నిజానికి దగ్గర. దాని ఆనవాలు మొదటి భాగంలోనే ఉంది. కత్తుల వర్తకుడు అస్లం ఖాన్ స్వేచ్ఛ ఇప్పిస్తానన్నప్పుడు, తన పూర్వీకులు మాహిష్మతి సింహాసనానికి మాట ఇచ్చారని కట్టప్ప కాదంటాడు. ఊహించినవాడికి తెలియనిది ఆజ్ఞ ఇచ్చింది శివగామి అని, నువ్వు చంపకపోతే నేను చంపవలసి వస్తుందని ఆమె అతణ్ణి నిలబెట్టిందని. ఇది కల కాదు, చివరి నిమిషపు కల్పనా కాదు. ఆట నియమాల ప్రకారమే జరిగిన ఓటమి. (ఆ జవాబు కర్ణాటక తెరలమీదికి రావడానికి కట్టప్ప పాత్రధారి సత్యరాజ్, కావేరి వివాదంలో తొమ్మిదేళ్ల కిందట అన్న మాటలకు విచారం తెలపవలసి వచ్చింది. అది వేరే కథ.)

జవాబు తెలిశాక కూడా జనం మళ్లీ మళ్లీ చూశారన్నది ఇక్కడ అసలు సాక్ష్యం. క్రిస్టిన్ పేరు తెలిశాక ‘డల్లాస్’ ఆ భాగం కోసం ఆత్రపడేవాళ్లు ఎందరుంటారు? శివగామి ముందు కట్టప్ప నిలబడిన ఘట్టం జవాబు తెలిసినవాడికే ఎక్కువ బరువుగా ఉంటుంది.

ఇప్పుడు ధారావాహిక మొత్తం ఒకేసారి ఫోనులోకి వస్తుంది. ఉమ్ ఘువైలినా మెట్రో స్టేషను 2019లో తెరిచారు; పనికి వెళ్తూ ఒక భాగం, వస్తూ ఒక భాగం చూసుకోవచ్చు. పక్కవాడు ఎన్నో భాగంలో ఉన్నాడో తెలియదు కనుక అతనితో చర్చించడానికి వీల్లేదు. 2025 అక్టోబరు 31న ‘బాహుబలి’ రెండు భాగాలనూ కలిపి ఒకే సినిమాగా విడుదల చేశారు. 22 నెలల ఎడం ఆ కూర్పులో మహా అయితే టీ తాగి వచ్చేంత సమయం.